వాకిట నిలిచిన దొరతనము

బెజవాడలోని బహుగృహ భవనములందు కాపురముండు వారికి ఎండలును దోమలును క్రొత్త గావు. ఇటీవల వానికి మూడవ బాధ తోడైనది. అది అధికారుల బండ్ల బాధ. 2016లో రాష్ట్ర కార్యాలయములు హైదరాబాదు వీడి యిటు తరలివచ్చిన నాటనుండి ఉన్నతోద్యోగు లనేకులు ఈ యిరుకు వీధుల భవనములలోనే అద్దెకు దిగిరి. వారు రాకూడదని మే మనము. వారి వెంట వచ్చిన వాహనములు వీధినంతయు తమ సొంత దొడ్డిగా నెంచుటనే గర్హించుచున్నాము.

ఉదయ మెనిమిది గంటలకే తెల్లని బండి యొకటి, ముందద్దమున "ప్రభుత్వ విధులపై" అను పలకతో, భవనద్వారమున కడ్డముగా వచ్చి నిలుచును. అధికారి స్నానపానాదులు ముగించి క్రిందికి దిగువఱకు అది కదలదు. పిల్లలను బడికి దింపవలసిన తండ్రి స్కూటరు వెలికి రాజాలదు. పాలవాని బండి లోనికి పోజాలదు. చల్లగాలి కొఱకై యంత్రము మాత్రము నడచుచునే యుండును. దాని పొగ క్రింది యంతస్తువారి వంటయింటిలోనికి, దాని చమురు ఖర్చు ప్రజల ఖాతాలోనికి! కొంచెము తొలగింపుమని కోరినచో వచ్చు ప్రత్యుత్తరము రెండే మాటలు: "సారు బండి." ఒక యాజ్ఞయు, ఒక బెదరింపును, ఒక ధర్మశాస్త్రమును ఈ రెండు మాటలలో నిమిడియున్నవి.

దీనిని చిల్లర తగాదా యని నవ్వువారు కలరు. మొన్న మా వీధిలోని యొక భవనమున ఒక వృద్ధునకు గుండెనొప్పి రాగా 108 బండిని పిలిచిరి. అది వచ్చునప్పటికి ద్వారమున సర్కారు బండి యున్నది. దాని డ్రైవరు టీ దుకాణమున నున్నాడు. ఇరుగుపొరుగువారు రోగిని స్ట్రెచరుపై వీధి మొగవఱకు మోసికొనిపోయిరి. ఆ వృద్ధుడు బ్రదికెను. అది దైవానుగ్రహము గాని అధికారుల దయ గాదు.

చట్టము మూగదియా? కాదు. ఇతరులకు అపాయముగాని, అడ్డంకిగాని, మితిమీఱిన యిబ్బందిగాని కలుగునట్లు బహిరంగ స్థలమున బండిని నిలుపరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 122వ సెక్షను శాసించుచున్నది. బాటను అడ్డగించినవానికి అయిదువేల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చునని భారతీయ న్యాయసంహిత 285వ సెక్షను చెప్పుచున్నది. అంతకంటె ముచ్చటైన మాట 2019లో చేర్చిన 210-బి సెక్షనులో గలదు: ఈ చట్టమును అమలుపఱుపవలసిన యధికారులే దానిని మీఱినచో శిక్ష రెట్టింపు! అధికారి యింటిముందు వేచియుండు బండికి మినహాయింపు నిచ్చు వాక్యము అం దెచ్చటను లేదు. 2017 మే 1వ తేదీనుండి అధికారుల కార్లపై నెఱ్ఱదీపములు తీసివేయబడినవి. దీపము కారుపై నుండి దిగినది, తలలోనుండి దిగలేదు.

డ్రైవరులను మాత్రమే తిట్టుట న్యాయము గాదు. వారిలో పెక్కండ్రు కంట్రాక్టు కొలువువారు. అయ్యగారు దిగునప్పటికి బండి గుమ్మము ముందు లేనిచో చీవాట్లు తినువారు వారే. గంటలతరబడి వేచియుండుటకు వారికి నీడ లేదు, మఱుగుదొడ్డి లేదు. దోషము, మెట్లు దిగి నూఱడుగులు నడువనొల్లని వానిది. కార్యభారము, తొందర యని వారందురేమో! చేతిలో టెలిఫోను గల తొందరపనివాడు అయిదు నిమిషములు ముందుగా పిలిచినచో దూరమున నున్న బండి రాదా?

కావున మేము కోరునది స్వల్పము. బండి నిలువవలసిన చోటు వీధి మొగను గాని, సమీప కార్యాలయపు ఆవరణమున గాని యేర్పఱుపుడు. పిలిచినప్పుడే అది గుమ్మమునకు రావలెను. వేచియున్నంతసేపు యంత్ర మాగవలెను. పోలీసువారు సామాన్యుని స్కూటరునకు వ్రాయు చలానాను ఆ తెల్లబండికిని వ్రాయవలెను.

నివాసులకును ఒక మాట. చాటున గొణిగి, యెదుట చేతులు జోడించి, పతాకావిష్కరణమునకు ఆ యధికారినే పిలిచి, పిదప తమ్మునికో కుమారునికో పైరవీ యడుగువారు కొందఱు మీలో లేరా? అట్టి వినయమే ఆ బండికి చక్రము. సంఘముగా కూడి, తీర్మానము వ్రాసి, అందఱు సంతకములు చేసి, అధికారి చేతికే మర్యాదగా నిండు. వినినచో మేలు, విననిచో పోలీసుస్టేషనునకు ఆ ప్రతియే పంపుడు.

1947లో దొరలు పోయిరి. దొరతనము మాత్రము డవాలీబంట్రోతును వదలి, తెల్లబండి నెక్కి, మన వాకిట నిలిచియున్నది. ప్రజాసేవకుడను బిరుదు ధరించినవాడు ప్రజలకు చేయదగిన మొదటి సేవ వారి వాకిలి విడుచుటయే.