మన తెలుగే మనకు ఇంగ్లీషు నేర్పుతుంది

ఇంగ్లీషులో మాట్లాడమంటే మన హాస్టల్ విద్యార్థులలో చాలామందికి గొంతు తడారిపోతుంది. తెలివి లేక కాదు, తప్పు మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారన్న భయం. ఆ భయంతోనే ఇంటర్వ్యూలో తెలిసిన జవాబును కూడా మింగేసి వచ్చేవారున్నారు. ఇంగ్లీషు రావాలంటే తెలుగు మరచిపోవాలని కొందరు సలహా ఇస్తుంటారు. మేము దానిని ఒప్పుకోము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! 'డిడ్ నాట్ వెంట్' అనే మాట తరచూ వింటుంటాం. తెలుగులో 'వెళ్ళలేదు' అంటాం గాని 'వెళ్ళానులేదు' అనం కదా! ఇంగ్లీషులోనూ అంతే. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' ఒక్కటే చెబుతుంది. 'డిడ్ నాట్ గో' అంటే చాలు.

'వార్డెన్ గారు ఎక్కడున్నారు?' అనేది ప్రశ్న. 'ఎక్కడున్నారో తెలియదు' అన్నప్పుడు ప్రశ్న రూపం మారిపోయింది. అలాగే 'ఐ డోంట్ నో' తరువాత 'వేర్ ఈజ్ ద వార్డెన్' అనకూడదు. 'వేర్ ద వార్డెన్ ఈజ్' అనాలి.

అయితే రెండు భాషలూ విడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడే జాగ్రత్తపడాలి. 'అయిదేళ్ళ నుంచి చదువుతున్నాను' చక్కని తెలుగు. దానిని మాటకు మాట పెడితే 'ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అవుతుంది. అది తప్పు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'హావ్ బీన్' కావాలి. ఎంతకాలమో చెప్పేటప్పుడు 'ఫర్', ఎప్పటినుంచో చెప్పేటప్పుడు 'సిన్స్' వాడాలి. 'ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్' సరైన వాక్యం.

'నిన్న వచ్చిన అబ్బాయి మా ఊరివాడు' అనేటప్పుడు 'వచ్చిన' అనేది అబ్బాయికి ముందు వస్తుంది. ఇంగ్లీషులో తరువాత వస్తుంది. 'ద బాయ్ హూ కేమ్ యెస్టర్డే ఈజ్ ఫ్రమ్ మై విలేజ్' అనాలి. మధ్యలో మళ్ళీ 'హి' అక్కరలేదు.

మా సూచన ఒక్కటే. స్టడీ అవర్‌లో రోజూ పావుగంట దీనికి కేటాయించండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసి తెలుగు వాక్యం, అన్న వాక్యం, అనవలసిన వాక్యం రాసుకోండి. పెద్ద తరగతుల వారు చిన్నవారిని దిద్దాలి. సెలవులకు వచ్చే పూర్వ విద్యార్థులు కూడా వారితో కాసేపు కూర్చోవాలి. ఎవరూ నవ్వకూడదన్నది మాత్రం మొదటి నిబంధన. దిద్దితే తప్పు పోతుంది, నవ్వితే మాటే పోతుంది.