బేగంబజారు నూనె ధర

బేగంబజారున నూనె ధర హెచ్చినపుడు వర్తకుని నిందించుట పరిపాటి. కారణము సముద్రముల కావల నుండవచ్చునని మా యభిప్రాయము. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తగా, ఆ దేశపు నల్లసముద్రపు రేవులు మూతపడెను. ప్రొద్దుతిరుగుడు నూనె మిల్లులు పెక్కు లాగెను. మనకు ఆ నూనె అధికభాగ మచ్చటినుండియే వచ్చుచుండెను. ఇండోనేషియాలో నూనె ప్రియమై ప్రజలలో అసంతృప్తి ప్రబలగా, ఏప్రిలు 28న ప్రభుత్వము పామాయిలు ఎగుమతిని నిషేధించెను. తొట్లు నిండెను, పలు మిల్లులు గెలలు కొనుట తగ్గించెను, రైతులు వీథి కెక్కిరి. మే 23న నిషేధము తొలగెను.

చెట్టు ఫలించినను రాజ్యము కుదురుగా లేనిచో నూనె యుత్పత్తి సాగదు. విద్యార్థులారా! మన వేరుసెనగ, నువ్వు, కుసుమ పైరులను పెంపొందించుకొనుటయే మనకు రక్ష. ధర నడిగినపుడు దేశముల క్షేమమును గూడ నడుగుడు.