పాత స్వెట్టరు విప్పితే నాలుగు బొమ్మలు

స్వెట్టరు అనగానే కోస్తా వైపు చెల్లెళ్లు నవ్వుకుంటారేమో గానీ, మా వైపు అలా కాదండీ. శాంతిపురం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె - ఇవన్నీ ఎత్తు మీదున్న ఊళ్లు. కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వెయ్యడానికి కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. ఇక్కడి గాలి మంచిదనే కదా, వందేళ్ల కిందటే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి కట్టారు!

అందుకే మా ఇళ్లల్లో ఏ ట్రంకుపెట్టె మూత తీసినా అడుగున రెండు మూడు స్వెట్టర్లు కనిపిస్తాయి. పిల్లాడికి పొట్టయిపోయిన స్కూలు స్వెట్టరు, మోచేతుల దగ్గర చిరిగిన మామగారి స్వెట్టరు, పాపాయికి ఎవరో అల్లిచ్చిన టోపీ. పారెయ్యబుద్ధి కాదు, తొడుక్కోవడానికి పనికిరావు. ఈ వారం వాటి సంగతే మాట్లాడుకుందాం. వాటిని విప్పి, ఆ ఊలుతో చిన్న చిన్న బొమ్మలు అల్లి, బొమ్మ లేని పిల్లల చేతిలో పెట్టవచ్చు.

"ఎందుకొదినా ఈ చాకిరీ? జాతరలో ప్లాస్టిక్ బొమ్మ ఎంతకైనా దొరుకుతుంది గదా!" అని మా పక్కింటామె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఒక తల్లి కథ.

కెనడా దేశంలో కేరల్ ఇస్‌ఫెల్డ్ అనే ఆమె ఉండేది. కొడుకు మార్క్ సైనికుడు. యుగోస్లావియా ముక్కలై యుద్ధం జరుగుతున్నప్పుడు అక్కడ శాంతిసేనలో ఉండి, నేలలో పాతిన మందుపాతరలు తీసే పని చేసేవాడు. కూలిన ఇంటి శిథిలాల్లో పడున్న ఒక బొమ్మ ఫొటో ఇంటికి పంపాడట. అది చూసిన తల్లి ఊరుకోలేకపోయింది. జేబులో పట్టేంత ఊలు బొమ్మలు అల్లి కొడుక్కి పంపితే, అతను కనిపించిన పిల్లలకల్లా పంచేవాడు. 1994 జూన్‌లో క్రొయేషియాలో మందుపాతర పేలి మార్క్ చనిపోయాడు. ఆ తల్లి అల్లడం మానలేదు. తోటి సైనికులు కొడుకు ముద్దుపేరు మీద వాటిని 'ఇజ్జీ బొమ్మలు' అన్నారు. ఆ తర్వాత కెనడాలో ఎంతోమంది ఆడవాళ్లు సూదులు పట్టారు. ఆఫ్రికాకి మందులు పంపే పెట్టెల్లో సీసాలు పగలకుండా మధ్యలో ఈ బొమ్మలే సర్ది పంపారు. మందు వెళ్లినట్టూ అయింది, పిల్లకి బొమ్మ దొరికినట్టూ అయింది.

ఊలు బొమ్మ కింద పడితే పగలదు. పక్కలో పెట్టుకుంటే గుచ్చుకోదు. మురికైతే ఉతుక్కోవచ్చు. మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. చెన్నైలో సుభశ్రీ నటరాజన్ గారు మొదలుపెట్టిన 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అనే ఆడవాళ్ల బృందం 2016లో ప్రపంచంలోకెల్లా పెద్ద క్రోషియా దుప్పటి అల్లి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. రికార్డు అయ్యాక దాన్ని చూసుకుంటూ కూచోలేదు. విడదీసి, దుప్పట్లుగా చేసి అవసరమైన వాళ్లకి ఇచ్చేశారు.

ఊలు ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీ పెట్టె, తర్వాత మీ చుట్టాల పెట్టెలు. స్కూళ్లు తెరిచే జూన్ నెల మంచి అదను. పిల్లలు ఏడాదికేడాదీ పొడుగవుతారు, పాత స్కూలు స్వెట్టర్లు మిగిలిపోతాయి. మా కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి వెళ్లే వాళ్లున్నారు. అక్కడ చుట్టాలుంటే చెప్పి పెట్టండి, సంచీడు స్వెట్టర్లు వస్తాయి. పాతబట్టలకి స్టీలు సామాను ఇచ్చే అమ్మిని అడిగినా, పనికొచ్చేవి పక్కన పెడుతుంది. ఊలు అమ్మే కొట్లలో, సరిజోడు రంగు దొరక్క అమ్ముడుపోని ఒంటి ఉండలుంటాయి. బొమ్మకి ఒక్క ఉండ చాలు కాబట్టి మనకి రంగు పేచీ లేదు.

పాత ఊలు అని నామోషీ పడకండి. హర్యానాలోని పానిపట్టుకి దేశదేశాల పాత స్వెట్టర్లు బేళ్లకి బేళ్లు వస్తాయి. వాటిని చీల్చి, మళ్లీ దారం తీసి, రగ్గులు నేస్తారు. అక్కడ యంత్రం చేసే పని ఇక్కడ మన ఒళ్లో చేతులు చేస్తాయి, అంతే తేడా.

ఏది విప్పాలి, ఎలా విప్పాలి?

స్వెట్టరు తిరగేసి పక్క కుట్టు చూడండి. అంచులు గొలుసుకుట్టులా కలిపి కుట్టి ఉంటే పనికొస్తుంది. అంచు కత్తిరించి మిషను మీద ఓవర్‌లాక్ చేసి ఉంటే వదిలెయ్యండి. అది విప్పితే జానెడు ముక్కలొస్తాయి తప్ప దారం రాదు. వేణ్ణీళ్లలో ఉతికి గట్టిపడిపోయిన అసలు ఊలు కూడా ఊడి రాదు.

ముందు కుంకుడు రసంతో గోరువెచ్చటి నీళ్లలో ఉతికి ఆరబెట్టండి. పక్క కుట్లు, చేతుల కుట్లు జాగ్రత్తగా తెంపి ముక్కలు విడదీయండి. కింది నుంచి అల్లుకుంటూ పోతాం కాబట్టి, విప్పేటప్పుడు మెడ దగ్గర మొదలుపెట్టాలి. వచ్చిన దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, చిలపలా తియ్యండి. గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, పిండకుండా నీడలో దండేనికి వేసి, కింద చిన్న బరువేదైనా వేలాడదీయండి. ఆరేసరికి వంకరలు పోయి దారం సాపు అవుతుంది.

అసలు ఊలో కాదో తెలియకపోతే చిన్న ముక్క గిన్నెలో పెట్టి అంటించి చూడండి. అసలు ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. పిల్లల బొమ్మకి అక్రిలిక్కే నయం. పదిసార్లు ఉతికినా ముడుచుకుపోదు. రంగు ఊలైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి రంగంటితే అది బొమ్మకి వద్దు. పిల్లలు ముందు నోట్లోనే పెట్టుకుంటారు కదా!

చేతి బొమ్మ - కావలసినవి

నాలుగు రంగుల ఊలు మొత్తం 50 గ్రాములకి లోపే. 10 నంబరు సూదులు ఒక జత. ఊలు కుట్టే మొద్దు సూది ఒకటి. నింపడానికి రిక్రాన్ దూది గుప్పెడు. పిల్లాడి స్వెట్టరు ఒకటి విప్పితే మూడు నాలుగు బొమ్మలకి సరిపోతుంది.

అల్లే విధానం

బూట్ల రంగుతో 30 కుట్లు ఎక్కించుకోండి. మొదటి నుంచి చివరి దాకా అన్ని వరసలూ నిట్ కుట్టే. తిరగ కుట్టు రానివాళ్లకీ ఇబ్బంది లేదు. బూట్లకి 6 వరసలు, లాగుకి 14, చొక్కాకి 16, ముఖానికి 14, టోపీకి 14, మొత్తం 64 వరసలు. చివర కుట్లు మూసెయ్యకుండా దారం అరమూర వదిలి తెంపి, సూదితో కుట్లన్నిటిలోంచీ దూర్చి ఉంచండి.

ముక్కని నిలువుగా మడిచి వెనక కుట్టు కుట్టండి. అడుగు చదునుగా కలిపి కుట్టెయ్యండి. పైనుంచి దూది నింపి, వదిలిన దారం గట్టిగా లాగి రెండు మూడు ముళ్లు వేసి, కొస లోపలికి దూర్చండి. ముఖానికి, చొక్కాకి మధ్య దారం పోనిచ్చి లాగితే మెడ వస్తుంది. లాగు మధ్యన అడుగు నుంచి పైకి, ముందూ వెనకా కలిపి కుట్టుకుంటూ వెళ్తే రెండు కాళ్లవుతాయి. చొక్కాకి రెండు పక్కలా అలాగే ఒక్కో గీత కుడితే చేతులు. కళ్లూ, నోరూ నల్ల ఊలుతో కుట్టండి. కాస్త నవ్వు మొహం పెట్టండి సుమా! ఆరంగుళాల బొమ్మ తయారు. అలవాటయ్యాక రెండు సాయంత్రాల పని.

ఇవి మాత్రం వద్దు

గుండీలు, పూసలు, చమ్కీలు, గంటలు, రిబ్బన్లు వద్దు. ఒకటింబావు అంగుళం కన్నా చిన్న వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఊడిందంటే నోట్లోకే. పాత దిండు దూది నింపకండి, ఉతికితే ఉండలు కట్టి లోపల తడి ఆరదు. రాగులు, ఇసుక అసలే వద్దు. అల్లిన బొమ్మల్ని కలరా ఉండలు వేసిన పెట్టెలో దాచకండి, ఆ మందు పసిపిల్లలకి చెడ్డది. ఎండిన వేపాకు చాలు. పూర్తయ్యాక కాళ్లూ చేతులూ పట్టుకుని మీ బలమంతా పెట్టి లాగి చూడండి. మీ చేతిలో ఊడనిది వాళ్ల చేతిలోనూ ఊడదు.

అమ్మే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు ఉండాలన్నారు. మనం అమ్మడం లేదు, మనల్ని ఎవరూ తనిఖీ చెయ్యరు. అంతమాత్రాన నియమం లేదనుకోకూడదు. 'దానమిచ్చిన ఆవుకి పళ్లెంచకూడదు' అంటారు పెద్దలు. అది పుచ్చుకునేవాళ్లకి చెప్పిన మాట. ఇచ్చేవాళ్లు మాత్రం పళ్లు లెక్కపెట్టి మరీ ఇవ్వాలి. ఊలు పాతదైతే ఫర్వాలేదు, బొమ్మ మాత్రం కొత్తదిగా ఉండాలి. మన మనవరాలి పక్కలో పెట్టడానికి వెనకాడే బొమ్మని ఎవరి బిడ్డకీ ఇవ్వకండి.

ఎవరికి, ఎలా?

అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుంటారు, ఈ బొమ్మకి సరైన వయసు. ఆసుపత్రి పిల్లల వార్డులు, అనాథ పిల్లల వసతిగృహాలు కూడా ఉన్నాయి. ఎక్కడికైనా ముందు వెళ్లి అడగండి. ఎందరు పిల్లలు, ఏ వయసు వాళ్లు, బయటి వస్తువులు తీసుకుంటారా అని. అడిగాకే సూది పట్టండి.

నెలలు నిండని బిడ్డల కోసం డెన్మార్కులో 2013లో క్రోషియా ఆక్టోపస్ బొమ్మలు అల్లడం మొదలైంది. దాని కాళ్లు బిడ్డకి బొడ్డుతాడులా అనిపిస్తాయని వాళ్ల ఆలోచన. కానీ వాటికి కట్టుదిట్టాలు ఎక్కువ. నూటికి నూరుపాళ్లూ నూలు దారమే వాడాలి, కాలు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు, 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. డాక్టర్లు అడిగితే తప్ప మనం ఆ జోలికి వెళ్లవద్దు. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కన ఏ మెత్తటి బొమ్మా ఉండకూడదని డాక్టర్లు చెబుతారు.

ఇరవై ముగ్గురు పిల్లలుంటే ఇరవై అయిదు బొమ్మలు పట్టుకెళ్లండి. ఇరవై మాత్రం వద్దు. మిగిలిన ముగ్గురి మొహాలు చూడలేం. ఇంకో మాట గట్టిగా చెప్పండి. బొమ్మ పిల్లదే, వెనక్కి తీసుకోకూడదు అని. ఒకచోట మేమిచ్చిన బొమ్మలు అద్దాల బీరువాలో వరసగా పెట్టి తాళం వేశారు. వచ్చినవాళ్లకి చూపించడానికట! పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. పోట్లాడలేదు గానీ, ఆయమ్మతో అన్నాను: "అమ్మా, ఇవి మాసిపోవాలనే అల్లాం. మాస్తే ఉతుకుదువు, చిరిగితే మళ్లీ అల్లిస్తాం." తాళం తీసింది. అప్పట్నుంచీ ఇచ్చేటప్పుడే ఒక్కో బిడ్డనీ పేరు పెట్టి పిలిచి, నచ్చిన రంగు ఎంచుకోమంటున్నాం. పిల్ల ఎంచుకున్న బొమ్మని బీరువాలో పెట్టడం ఎవరికైనా కష్టమే.

మరో జాగ్రత్త. బాగా అల్లుతున్నారని తెలిస్తే, "ఓ యాభై చేసివ్వండి, అమ్మి సేవ చేస్తాం" అనేవాళ్లు వస్తారు. మన నరసాపురం లేసు సముద్రాలు దాటింది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ అక్కడ అల్లే ఆడవాళ్లది ఇంట్లో కూచుని చేసే తీరికపనిగా లెక్కగట్టి, చేతిలో పెట్టింది మాత్రం చాలా కొంచెమని మరియా మీస్ అనే పరిశోధకురాలు 1982లోనే పుస్తకం రాసింది. బిడ్డ చేతికి వెళ్లే బొమ్మ దానం. కొట్టుకి వెళ్లే బొమ్మకి కూలి కట్టాలి. ఈ రెండూ కలపకండి.

ఒక్కరే చెయ్యలేకపోతే నలుగురు చేరండి. ఒకరు విప్పితే, ఒకరు ఉతికితే, చూపు ఆనని అవ్వ ఉండలు చుడితే, మిగతావాళ్లు అల్లవచ్చు. మధ్యాహ్నం టీవీ నడుస్తుంటే చేతులు ఊరికే ఉండనక్కర్లేదు.

ఈ వారం ఒక్క స్వెట్టరు విప్పి, ఒక్క బొమ్మ అల్లి చూడండి. విప్పగా మిగిలిన పొట్టి ముక్కలు పారెయ్యకుండా సంచిలో వేసి ఉంచండి. వేడి గిన్నె దించుకునే మసిగుడ్డ వాటితో ఎలా అల్లాలో వచ్చేవారం చెబుతాను.