గోల్కొండ పేరు, కొల్లూరు చెమట

పుదుచ్చేరిలో అరవిందాశ్రమానికి ఒక వసతిగృహం ఉంది. పేరు 'గోల్‌కొండ్'. మన గోల్కొండే, ఫ్రెంచి పలుకుబడిలో. యానాం నుంచి సర్కారు పనుల మీద అక్కడికి వెళ్లే మనవాళ్లు ఆ వీధిలో ఒక్క నిమిషమైనా ఆగాలని నా కోరిక.

1930ల చివర ఆ కట్టడానికి హైదరాబాదు దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం సర్కారు లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ సాయానికి గుర్తుగా ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత ఈ పేరు పెట్టారు. నమూనా వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్‌ది; జార్జ్ నకషిమా దగ్గరుండి పని చూశాడు. నగిషీలు లేవు. బయటి గోడ ఉండాల్సిన చోట వరసగా అడ్డపలకలు. వాటిని తిప్పితే గాలి వస్తుంది, ఎండ రాదు. సముద్రపు ఉక్కపోత ఎరిగినవాళ్లకు ఆ పనితనం విలువ తెలుస్తుంది. వజ్రాల పేరు ఇంత నిరాడంబరమైన ఇంటికి అమరడం నాకు ఎంతో నచ్చింది.

ఫ్రెంచివాళ్లకు ఆ పేరు అప్పటికే పాతది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టవెర్నియే మన గనులు చూసి వెళ్లి, 1676లో తన యాత్రలను అచ్చువేయించాడు. తర్వాత గోల్కొండ అంటే తరగని సిరి అనే అర్థం ఇంగ్లీషు నిఘంటువులకెక్కింది. అమెరికాలో నెవాడాలో ఒక గనుల ఊరు ఆ పేరే పెట్టుకుంది. టోపీలవాళ్లు వానలా ఆకాశం నిండా కనిపించే తన బొమ్మకు 1953లో చిత్రకారుడు మగ్రిట్ పెట్టిన పేరూ అదే. ఆ బొమ్మ ఇప్పుడు మనవాళ్లు వేలల్లో ఉన్న హ్యూస్టన్‌లోనే ఉంది.

కానీ గోల్కొండ కోటలో వజ్రం దొరకలేదు. అక్కడ ఉన్నది రాజు, పన్ను, బేరం. తవ్వింది కృష్ణ ఒడ్డున, పల్నాటి కొల్లూరులో. అక్కడ అరవై వేలమంది పనిచేస్తున్నారని టవెర్నియే రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారట. పారిస్ లూవ్ర్‌లో మెరిసే రీజెంట్ వజ్రం పుట్టిల్లూ ఆ నేలేనంటారు. అంత సంపద పంచిన ఊరి పేరు ఏ నిఘంటువుకూ ఎక్కలేదు. వజ్రాలు అమ్మిన చోటుకు పేరు దక్కింది, తవ్విన చోటుకు దక్కలేదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఇప్పుడా కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. ఊరివాళ్లు పునరావాస కాలనీలకు చేరారు. బడిపుస్తకంలో గోల్కొండ వజ్రాల పాఠం ఉన్నచోటల్లా కొల్లూరు పేరు, మట్టి మోసిన ఆ ఆడవాళ్ల ప్రస్తావన ఉండి తీరాలి. జలాశయం గట్టు మీద, అందరూ చదివేంత పెద్ద అక్షరాలతో ఆ ఊరి చరిత్ర చెక్కించాలి. ఊరు విడిచి వచ్చిన పెద్దలు బతికుండగానే, వాళ్లను అడిగి రాయించాలి.

– యానాం వాసి