పిలిచిన వచ్చుట



గతమాసమున మా వాకిట జరిగిన సంగతి తలచుకొన్న నిప్పటికిని మాకు గుండె దడదడలాడును. మేము పెంచుచున్న యాఱుమాసముల కుక్కపిల్ల తలుపు తెఱచియుండుట చూచి వీథిలోనికి బరువెత్తెను. ఎదుటనుండి లారీ వచ్చుచుండెను. పేరుపెట్టి పిలిచితిమి. అది మావంక జూచి, తోక ముడుచుకొని, మఱింత దూరము పోయెను. డ్రైవరు బండి నాపుటచే బ్రదికినది.

అది రాకపోవుటకు గారణమేమని యా రాత్రి యాలోచించితిమి. తప్పు మాదే. వారము క్రిందట మావారి చెప్పు గొఱికినందుకు దానిని బేరుపెట్టి పిలిచి, దగ్గఱకు వచ్చిన పిదప గొట్టితిమి. కొఱికినది ఉదయమున, దెబ్బ తిన్నది మధ్యాహ్నమున. ఆ రెంటికిని సంబంధము దాని కెట్లు తెలియును? పిలిచినపుడు వచ్చిన దెబ్బలు తగులునన్న పాఠమే యది నేర్చుకొన్నది.

ఆదిపర్వములోని సరమకథ మన మెఱిగినదే. జనమేజయుని తమ్ములు నిరపరాధియైన సారమేయుని యజ్ఞస్థలమున గొట్టగా, తల్లి సరమ వచ్చి రాజునకు భయము గలుగునని చెప్పెను. ఆ భయమే మాకు వీథిలో గలిగినది.

తోడేళ్లమందలోని దొరవలె కుక్కను లొంగదీసి యేలవలెనని పలువు రందురు. బోనులోని తోడేళ్లను జూచి షెంకెల్ అను పండితుడు 1947లో వ్రాసిన వ్యాస మీ భావమునకు బలమిచ్చినది. డేవిడ్ మీచ్ అను శాస్త్రజ్ఞుడు కెనడా యుత్తరపుదీవిలో స్వేచ్ఛగా దిరుగు తోడేళ్లను బెక్కు వేసవులు పరిశీలించి, మంద యనగా సాధారణముగా తల్లిదండ్రులును బిడ్డలును గల కుటుంబమే యని 1999లో ప్రకటించెను. కావున నాయకత్వ మనగా పెంపకమే.

మునుపటి పిలుపు చెడినది గావున "దా" యను క్రొత్తమాట నేర్పుచున్నాము. ఇంటిల్లిపాదియు నా యొక్కమాటనే వాడుదుము. వచ్చిన క్షణముననే ఇడ్లీముక్కయు, మెచ్చుకోలును. ఆలస్యమైన బహుమానమున కర్థము దానికి దెలియదు. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్లు కుక్కకు హానికరములు గావున వానిని బెట్టము. పాఠ మైదు నిమిషములే. మొదట గదిలో, పిమ్మట పెరటిలో, తరువాత పొడవైన త్రాటితో వాకిట. ఎంత యాలస్యముగా వచ్చినను గసరము. చెప్పులు మాత్రము అలమారలో బెట్టుచున్నాము.

మూడవ వారమున, నిన్నటి సాయంకాలము, పిల్లి వెంటబడబోయినది "దా" యనగానే మరలి వచ్చి మా పాదములచెంత గూర్చుండెను. సంతోషించితిమి. తలుపుగడియ వేయుట మాత్రము మఱవలేదు.