పేదల గది మీద పర్యాటకుల పన్ను

అమెరికాలో ఇల్లు లేనివాళ్లంతా ఫుట్‌పాత్‌ల మీదే లేరు. రోడ్డు పక్క మోటెళ్లలో ఒకే గదిలో పిల్లాపాపలతో నెలల తరబడి కాలం వెళ్లదీస్తున్నవాళ్లూ ఉన్నారు. డిస్నీ వరల్డ్‌కు కూతవేటు దూరంలో, ఫ్లోరిడాలోని కిస్సిమీ మోటెళ్లలో సాగే ఈ బతుకులనే 2017లో వచ్చిన ‘ది ఫ్లోరిడా ప్రాజెక్ట్’ సినిమా చూపించింది. వీళ్లు మోటెల్‌కు చేరడానికి కారణం అద్దె చవక అని కాదు. అపార్ట్‌మెంట్ కావాలంటే డిపాజిట్ కట్టాలి, క్రెడిట్ స్కోరు చూపాలి. గతంలో ఓసారి ఇల్లు ఖాళీ చేయించిన రికార్డు ఉంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే. మోటెల్‌లో అయితే వారం డబ్బు కౌంటర్‌లో కడితే తాళం చేతికిస్తారు.

దాంతోపాటు హోటల్ పన్నూ పడుతుంది. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో రాష్ట్రానికి 6 శాతం, నగరానికి 7, కౌంటీకి 2, స్టేడియాల బాధ్యత చూసే స్పోర్ట్స్ అథారిటీకి 2, వెరసి 17 శాతం. రోజుకు 60 డాలర్ల గది అనుకుంటే నెలకు 306 డాలర్లు పన్నుకే పోతాయి. ఊరు చూసిపోయేవారి కోసం పెట్టిన ఈ పన్ను, పోవడానికి మరో చోటు లేనివారి నెత్తిన పడుతోంది. ఫ్లోరిడాలో కౌంటీలు వేసే పర్యాటక పన్ను ప్రధానంగా కన్వెన్షన్ సెంటర్లకు, పర్యాటక ప్రచారానికి వెళ్తుంది.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. అయితే అవి ఆదాయాన్ని చూడవు, రోజులు లెక్కపెడతాయి. టెక్సాస్‌లో వరుసగా 30 రోజులు ఉండాలి. ఫ్లోరిడాలో ఆరు నెలలు దాటాలి, లేదా అంతకు మించిన కాలానికి ముందే లీజు రాసుకోవాలి. టెక్సాస్‌లో 30 రోజులు ఉంటామని మొదటే రాసిస్తే తొలి రోజు నుంచే పన్ను ఉండదు. మూడు నెలల ప్రాజెక్టు మీద డాలస్ వెళ్లే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కంపెనీ ట్రావెల్ డెస్క్ ఆ కాగితం సిద్ధం చేసి పెడుతుంది. వారం కూలి చేతికొస్తే తప్ప వచ్చే వారం మాట చెప్పలేని మనిషి ఏమని రాసివ్వగలడు? చెల్లింపులో ఒక్కసారి తెగితే మినహాయింపు పోతుంది, లెక్క మళ్లీ ఒకటి నుంచి. స్థిరత్వం ఉన్నవాడికే రాయితీ దక్కడం ఈ చట్టంలోని అసలు లోపం.

కాలిఫోర్నియాలో చిక్కు మరింత ముదిరింది. హోటల్ పన్ను పరిధిలో ఉన్నంతకాలం అక్కడి సివిల్ కోడ్ ఆ మనిషిని అద్దెదారుగా గుర్తించదు. 30 రోజులు దాటితే పన్ను తప్పుతుంది, అద్దెదారు హక్కులూ వస్తాయి. ఆ గడువు ముంచుకొచ్చేలోపే గది ఖాళీ చేయించి, మళ్లీ కొత్తగా చేర్చుకునే అలవాటు అందుకే పుట్టింది. దాన్ని నిషేధిస్తూ చట్టం ఉంది, 500 డాలర్ల జరిమానా కూడా ఉంది. హక్కులు వస్తే ఖాళీ చేయించడానికి కోర్టు మెట్లెక్కాలన్న యజమానుల భయం పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. కానీ ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది పిల్లలతో సామాను సర్దుకునే తల్లి.

ఇంతకీ పేదవారిని గుర్తించడం కష్టమా? వేరే వసతి లేక మోటెల్‌లో ఉంటున్న పిల్లల్ని మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం కింద బడులు నిరాశ్రయులుగానే పరిగణిస్తాయి. ప్రతి స్కూల్ డిస్ట్రిక్టులో ఇందుకో అధికారి ఉంటారు. సొంత డబ్బుతో మోటెల్‌లో ఉండేవారిని గృహనిర్మాణ శాఖ మాత్రం తన వార్షిక లెక్కల్లో చేర్చదు. పన్ను శాఖకైతే వాళ్లు విడిది దిగిన అతిథులు.

బడి ఇచ్చే ధ్రువపత్రాన్నే పన్ను శాఖ ఆమోదిస్తే తొలి రోజు నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. పిల్లలు లేనివారికి గది అద్దె మీద పరిమితి పెట్టవచ్చు. మన జీఎస్టీ మండలి 2024 జూన్‌లో హాస్టళ్ల విషయంలో చేసింది ఇదే: మనిషికి నెలకు 20 వేల రూపాయలలోపు అద్దె, కనీసం 90 రోజుల బస ఉంటే పన్ను లేదు. ఆ 90 రోజుల షరతు మన దగ్గరా రోజుకూలీని వదిలేస్తుంది కానీ, అద్దెను కొలమానంగా తీసుకోవడం సరైన ఆలోచన. రెండు మూడు రోజుల విరామానికి లెక్క చెరిగిపోకూడదు. 30 రోజులు నిండితే అప్పటిదాకా వసూలైన పన్ను వాపసు రావాలి. అద్దెదారు హక్కును పన్ను నిబంధన నుంచి విడదీయాలి. దీనివల్ల స్థానిక ఖజానాకు కొంత గండి పడవచ్చు. ఆ లోటు పూడ్చుకోవడానికి నిజమైన పర్యాటకులు ఎలాగూ ఉన్నారు. డిపాజిట్ కూడబెట్టి మోటెల్ వదిలి వెళ్లాల్సిన కుటుంబం నుంచి నెలనెలా ఆ డిపాజిట్‌నే లాగేసుకుంటే, తర్వాత ఆశ్రయ కేంద్రాల కోసం ఆ ప్రభుత్వమే ఖర్చు పెట్టాల్సి వస్తుంది.