గురక వినపడకుండా ఇయర్‌బడ్స్ కావాలా? ముందు మధ్యలో వచ్చే నిశ్శబ్దం వినండి

"బడ్జెట్ 5 వేలు. నిద్రలో పెట్టుకోవాలి. పక్కన గురక వినపడకూడదు. ఏ ఇయర్‌బడ్స్ తీసుకోమంటారు?"

ఏఎన్‌సీ గురించి ఎక్కడ మాట్లాడినా ఈ ప్రశ్న ఒకటి వచ్చి తీరుతుంది. నా ఫ్రెండ్స్‌లో పెళ్లయినవాళ్లు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న కూడా పెరుగుతోంది. రెండు మోడల్స్ పేర్లు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ నా సమాధానం వేరు. ఇయర్‌బడ్స్ కొనుక్కోండి, అందులో తప్పేం లేదు. అయితే అవి చెవిలో పెట్టుకునే ముందు ఒక్క రాత్రి ఆ గురకను శ్రద్ధగా వినండి. ఎంత గట్టిగా ఉంది అని కాదు, మధ్యలో ఆగుతోందా అని.

ఇది చదివి తెలుసుకున్న విషయం కాదు, మా ఇంట్లో జరిగిందే. నేనూ, మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేరే. పెళ్లయి రెండేళ్లు. తను గురక పెడతాడు. మామూలుగా కాదు, పక్క గదిలో పడుకున్నా తలుపు దాటి వినిపిస్తుంది. (ఇది రాస్తున్నానని తనకు తెలుసు. చదివి, "పబ్లిష్ చేసుకో, కానీ పేరు వద్దు" అన్నాడు.)

ఇయర్‌బడ్స్ ఎంతవరకు పనిచేస్తాయి?

ముందు టెక్ సంగతి. ఏఎన్‌సీ బాగా పనిచేసేది ఒకే తీరుగా సాగే లో ఫ్రీక్వెన్సీ శబ్దం మీద. విమానం ఇంజిన్, ఏసీ హమ్, బస్సు రొద లాంటివన్నమాట. మైక్ ఆ శబ్దాన్ని పట్టుకుంటే, చిప్ దానికి వ్యతిరేక తరంగాన్ని తయారుచేసి కలుపుతుంది. గురకలో లో ఫ్రీక్వెన్సీ ఉన్న మాట నిజమే కానీ అది ఒకే తీరుగా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, మధ్యలో గరగరమంటుంది, ఉన్నట్టుండి ఆగి పెద్దగా మొదలవుతుంది. అందుకే ఏఎన్‌సీ దాన్ని తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయలేదు. మిగతా పని చేసేది సిలికాన్ టిప్స్, వాటి మీద మీరు పెట్టుకునే వాన చప్పుడు.

ఏఎన్‌సీకి పేరుపడ్డ బోస్ కంపెనీ 2018లో నిద్ర కోసమే స్లీప్‌బడ్స్ తెచ్చినప్పుడు అందులో ఏఎన్‌సీ పెట్టలేదు. బయటి శబ్దాన్ని కప్పేసే మాస్కింగ్ సౌండ్స్ మాత్రమే ఇచ్చింది. బ్యాటరీ సమస్యల వల్ల 2019లో ఆ మోడల్‌ని ఆపేసి, 2020లో రెండో వెర్షన్ తెచ్చింది. అందులోనూ ఏఎన్‌సీ లేదు. కాబట్టి "ఏఎన్‌సీ ఉంది, గురక మాయం" అని ఎవరైనా థంబ్‌నెయిల్ పెడితే నమ్మకండి.

సరే, తగ్గితే చాలు అనుకుందాం. నేనూ కొన్ని నెలలు అలాగే పడుకున్నా. పక్కకి తిరిగి పడుకుంటే చెవి నొప్పి, అలారం వినపడకపోవడం, అర్ధరాత్రి ఒక బడ్ మంచం కింద దొర్లిపోవడం... వీటన్నిటికీ అలవాటు పడ్డా. ఒక రాత్రి బడ్స్‌లో చార్జింగ్ అయిపోయింది. మెలకువ వచ్చింది. గురక మామూలుగా వస్తోంది. ఆగింది. హమ్మయ్య అనుకున్నా. ఆగే ఉంది. ఛాతీ కదులుతోంది, కానీ గాలి వెళ్తున్న చప్పుడు లేదు. కాసేపటికి ఎవరో గొంతు పట్టుకుని వదిలేసినట్టు పెద్దగా ఊపిరి లాగి మళ్లీ గురక మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

శబ్దం ఒక లాగ్ మాత్రమే

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. దారి ఇరుకైతే గాలి వెళ్లేటప్పుడు అక్కడి మెత్తటి భాగాలు అదురుతాయి. అదే గురక. ఆ దారి పూర్తిగా మూసుకుపోతే శ్వాస ఆగుతుంది. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ ఆగితే దాన్ని అప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు కంగారుపడి మనిషిని సగం లేపుతుంది, దారి తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. పొద్దున్నకి ఇదేదీ ఆ మనిషికి గుర్తుండదు. తలనొప్పి, చికాకు, మధ్యాహ్నం మీటింగ్‌లో కునుకు మాత్రం మిగులుతాయి. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే బీపీ, గుండె సమస్యల రిస్క్ పెరుగుతుంది. డ్రైవింగ్‌లో రెప్ప పడే రిస్క్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన నెలకి రెండుసార్లు విజయవాడ హైవే మీద కారు నడుపుకుంటూ ఊరెళ్తాడు. నా భయమంతా అక్కడే.

గురక పెట్టే ప్రతివాళ్లకీ ఇది ఉండదు. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనీ లేదు. దవడ, గొంతు నిర్మాణం వల్ల సన్నగా ఉన్నవాళ్లకీ రావచ్చు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనల్ని ఊపేసిన బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు, ఆయన్ని చూసిన ముంబై ఆసుపత్రి చెప్పిన కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియానే.

మన భాషలో చెప్పాలంటే గురక ఒక ఎర్రర్ లాగ్. లాగ్స్ ఎక్కువ వస్తున్నాయని లాగింగ్ ఆఫ్ చేస్తే సర్వర్ బాగుపడదు. పైగా ఆ లాగ్ చదవగలిగేది ఇంట్లో ఒక్కరే, పక్కన పడుకున్నవాళ్లు. వాళ్ల చెవిలో కూడా ఇయర్‌బడ్స్ ఉంటే ఆగిన శ్వాసకి సాక్షి ఎవరు?

ఫోన్‌కి సర్వీస్ సెంటర్, ఒంటికి "చూద్దాంలే"

"అయితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొచ్చుగా" అంటారు. అసలు కష్టం అక్కడే. మా ఆయన బ్యాటరీ హెల్త్ 84 శాతానికి పడిందని ఆఫీసుకి లీవ్ పెట్టి సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన మనిషి. అదే మనిషిని డాక్టర్‌కి చూపించుకోమంటే, "అలసిపోతే అందరూ గురక పెడతారు", "నీకు నిద్ర పల్చన", "మా నాన్న 30 ఏళ్లుగా పెడుతున్నాడు, ఏమైంది?" అంటాడు. అత్తయ్య గారైతే "గురక వస్తోందంటే వాడికి మంచి నిద్ర పడుతోందన్నమాట" అని తేల్చేశారు. నేను వేరే గదిలో పడుకుంటే అదింకో కథ. చుట్టాలు వచ్చినప్పుడు "ఏంటమ్మా, గొడవపడ్డారా?" అని మెల్లగా అడుగుతారు.

దీన్ని మొండితనం అని కొట్టిపారేయలేం. తన వైపు నుంచి చూడండి. తను ఒక్కసారి కూడా వినని శబ్దం గురించి, తనకి గుర్తులేని సంఘటన గురించి మనం ఫిర్యాదు చేస్తున్నాం. అది కూడా తెల్లవారుజామున 3 గంటలకి, విసుగ్గా. రీప్రొడ్యూస్ కాని బగ్‌ని ఏ డెవలపర్ ఒప్పుకుంటాడు? దానికి తోడు సిగ్గు. ఇంకా లోపల "రోజూ మొహానికి మాస్క్ పెట్టుకుని పడుకోమంటారేమో" అన్న భయం.

ముందు గురక రికార్డ్ చేసే యాప్ పెట్టాం, తను ఒప్పుకున్నాకే. పొద్దున గ్రాఫ్ చూపిస్తే, "ఏసీ సౌండ్ కూడా కలిపేసుంటుంది, దీని ఫాల్స్ పాజిటివ్ రేట్ ఎంత?" అని యాప్‌కే రివ్యూ ఇచ్చాడు. అదీ నిజమే. ఫోన్ మైక్ శబ్దాన్ని కొలుస్తుంది, ఊపిరిని కాదు. అసలు ప్రమాదమున్న చోట శబ్దమే ఉండదు. గ్రాఫ్‌లో అది ప్రశాంతంగా నిద్రపోయిన భాగంలా కనిపిస్తుంది.

తనని కదిలించింది 50 సెకన్ల వీడియో. ఇద్దరం ముందే మాట్లాడుకుని, ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి తీశాం. ఎడిటింగ్ లేదు. గురక, ఆగడం, ఎగశ్వాస, మళ్లీ గురక. ఆదివారం టిఫిన్ అయ్యాక చూపించా. ఒక్క మాట మాత్రం మార్చి చెప్పా. "నీ గురక వల్ల నాకు నిద్ర లేదు" అనలేదు. "ఇక్కడ నువ్వు ఊపిరి తీసుకోవట్లేదు, లెక్కపెట్టు" అన్నా. తనే పైకి లెక్కపెట్టాడు. 17 దగ్గర ఆగాడు. మళ్లీ వెనక్కి జరిపి చూశాడు. "అపాయింట్‌మెంట్ ఎక్కడ తీసుకుందాం?" అని అడగడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. కానీ అడిగాడు.

మరి స్మార్ట్‌వాచ్ సంగతి?

వాచ్‌లు ఇందులో నిజంగానే ముందుకెళ్లాయి. శాంసంగ్ గెలాక్సీ వాచ్ స్లీప్ అప్నియా ఫీచర్‌కి 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది 22 ఏళ్లు దాటినవాళ్ల కోసం. 10 రోజుల్లో రెండు రాత్రులు, ఒక్కో రాత్రి 4 గంటలకు మించి పెట్టుకుంటే చాలు. యాపిల్ వాచ్‌కి అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది. అది యాక్సిలరోమీటర్‌తో మణికట్టు దగ్గరి చిన్న చిన్న కదలికలను బట్టి శ్వాసలో అంతరాయాలను లెక్కేసి, 30 రోజులకోసారి విశ్లేషిస్తుంది. మీ మోడల్‌లో, మన దేశంలో ఆ ఫీచర్ ఆన్ అవుతుందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. రెండూ ఓ మోస్తరు నుంచి తీవ్రమైన అప్నియా సూచనల కోసం చేసినవి. రోగ నిర్ధారణ కాదని కంపెనీలే చెప్తున్నాయి. అలర్ట్ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రాకపోతే "ఏమీ లేదు" అని అర్థం కాదు. శ్వాస ఆగడం కళ్లతో చూశాక వాచ్ ఒపీనియన్ కోసం నెల రోజులు ఆగక్కర్లేదు.

ఇక షాపింగ్ యాప్స్‌లో రెండు మూడు వందలకి దొరికే అయస్కాంతం ముక్కు క్లిప్పులు, గురక ఉంగరాలు. సమస్య గొంతులో ఉంటే ముక్కుకో వేలికో తగిలించిన క్లిప్ ఏం చేస్తుంది? ముక్కు దిబ్బడ వల్ల వచ్చే గురకకి నాసల్ స్ట్రిప్స్ కాస్త పనిచేయొచ్చు, అంతే. వీటితో వచ్చే నష్టం డబ్బు మాత్రమే కాదు. "ట్రై చేస్తున్నాంగా" అనే సాకుతో అపాయింట్‌మెంట్ ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది.

డాక్టర్ దగ్గర జరిగేది ఇదీ

మనం భయపడేంత సీన్ లేదు. ఈఎన్‌టీ దగ్గరికైనా, పల్మనాలజిస్ట్ దగ్గరికైనా వెళ్లొచ్చు. మొదట ప్రశ్నలే. ఎప్‌వర్త్ స్కేల్ అని 8 ప్రశ్నలుంటాయి. టీవీ చూస్తూ, చదువుతూ, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కునుకు పడుతుందా లాంటివి. 24కి 10 దాటితే పగటి నిద్ర ఎక్కువున్నట్టే. మా ఆయనకి 14 వచ్చింది. తర్వాత స్లీప్ స్టడీ. కొందరికి ల్యాబ్‌లో, కొందరికి ఇంట్లోనే. తనకి ఇంట్లోనే చేశారు. ముక్కు దగ్గర సన్న గొట్టం, ఛాతీకి బెల్ట్, వేలికి ఆక్సీమీటర్, ఒక్క రాత్రి. అయిన ఖర్చు మధ్యరకం ఇయర్‌బడ్స్ ధరకి కాస్త అటూ ఇటూ. మీ ఊళ్లో ముందే కనుక్కోండి.

రిపోర్ట్‌లో చూడాల్సిన నంబర్ ఏహెచ్‌ఐ. గంటకి ఎన్నిసార్లు శ్వాస ఆగింది, లేదా బాగా తగ్గింది అన్న లెక్క. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 15 వరకు స్వల్పం, 30 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. తనకి 23.

చికిత్స అందరికీ ఒకటే కాదు. కొందరికి బరువు తగ్గడం, వెల్లకిలా పడుకోకపోవడం, మందు మానేయడం చాలు. కొందరికి దంతాలకి పెట్టే పరికరం, కొందరికి ఆపరేషన్. తనకి డాక్టర్ సీప్యాప్ చెప్పారు. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ బృందం లోకానికి చెప్పిన ఐడియా అది. మాస్క్ నుంచి వచ్చే గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా ఉంచడమే. మొదటి వారం మాస్క్ తీసి పక్కన పడేశాడు. సైజు మార్పించాక కుదురుకుంది. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ కంటే ముందు మెషిన్ స్క్రీన్ చూస్తాడు. ఏహెచ్‌ఐ, లీక్, ఎన్ని గంటలు పెట్టుకున్నాడో అన్నీ చూపిస్తుంది. గ్యాడ్జెట్ పిచ్చి ఇలా పనికొస్తుందని నేననుకోలేదు.

రివ్యూలు రాసేవాళ్లకి నాదొక విన్నపం. ఇయర్‌బడ్స్ రివ్యూలో "గురక టెస్ట్" అని పెడితే, కింద ఒక్క లైన్ కలపండి: గురక మధ్యలో ఆగి ఎగశ్వాస వస్తుంటే, ముందు డాక్టర్‌కి చూపించండి అని. దానివల్ల ఏ అఫిలియేట్ లింకూ పడిపోదు.

ఇక మీకు. ఈ వీకెండ్ ఒక్క రాత్రి బడ్స్ పక్కన పెట్టండి. వాళ్లకి చెప్పి, ఒప్పించి, వీడియో తీయండి. అందులో ఆగిన చోటు కనిపిస్తే పగటిపూట, ఇద్దరే ఉన్నప్పుడు, నెమ్మదిగా చూపించండి. అత్తమామల ముందు వద్దు, ఫ్రెండ్స్ గ్రూపులో జోకుగా అసలే వద్దు. లెక్క వాళ్లనే పెట్టమనండి. ఏం కనిపించకపోతే మంచిదే, అప్పుడు అడగండి 5 వేల బడ్జెట్‌లో ఏ ఇయర్‌బడ్స్ అని. మోడల్ పేరు సంతోషంగా చెప్తా.